ఉప్పు మడులు ఎవరివి

ఏరు సముద్రంలో కలిసే చోట, సగం నీళ్లలో సగం బురదలో నిలబడి ఒక మడ అడవి ఉండేది. దాన్ని ఏలేది పులిరాజు. అదే ఏరు పుట్టే చోట కొండ అడవి. దానికి రాజు లేడు. ఎవరి గుంట వారిది, ఎవరి చెట్టు వారిది. ఈ రెండు అడవులకీ నడుమ, ఏటి మధ్యలో ఒక లంక. వారానికోసారి సంత అక్కడే.

మడ అడవిలో పీతలు, ఎండుచేపలు, ఉప్పు దొరికేవి. కొండ అడవిలో తేనె, చింతపండు, గడ్డి. మడ అడవి నేల ఉప్పునేల కాబట్టి వేసవి వస్తే అక్కడ పచ్చగడ్డి పరక ఉండదు. కొండ గడ్డి దిగకపోతే గొడ్డూ గోదాకి గడిచేది కాదు. కొండవాళ్లకి ఉప్పు లేకపోతే అంతే. అందుకని పూర్వం ఒకసారి బాగా కొట్టుకుని, అలసిపోయాక, రెండు అడవులవాళ్లూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. లంక మీద ఎవరైనా ఏ సరుకైనా అమ్ముకోవచ్చు. ఏ ధరకైనా అమ్ముకోవచ్చు. కానీ అమ్మేవాడి వెనక ఏ రాజూ నిలబడకూడదు. నిలబడితే ఆ అడవి సరుకు మొత్తం ఏడాదిపాటు లంక మీద దిగదు. తగవు వస్తే తీర్చడానికి ఒక ముసలి తాబేలుని కూర్చోబెట్టారు. ఆయన్ని అందరూ పెద్దయ్య అనేవారు.

మడ అడవిలో గంగులు అని ఒక ఎద్దు ఉండేవాడు. రాజావారి ఉప్పు మడుల్లో పని. మడిలో నీళ్లు పెట్టకముందు నేలని గట్టిపడేదాకా తొక్కాలి. తొక్కాక సముద్రపు నీళ్లు వదలాలి. ఎండకి నీళ్లు ఆరి ఉప్పు తేలితే గోకి కుప్ప పోయాలి. సంత రోజున ఆ ఉప్పుని బండి మీద లంకకి లాక్కెళ్లి అమ్మేదీ అతనే. ఉప్పునీళ్లలో నిలబడీ నిలబడీ గంగులు డెక్కలు పగిలిపోయి ఉండేవి. అతను దాని గురించి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

మడులు తొక్కేది గంగులు, సీతాలు అనే గేదె, ఇంకో నాలుగు దున్నలు. వీళ్లు తొక్కుతున్నారో లేదో చూసేవాడు పరమేశం తమ్ముడు. పరమేశం అంటే రాజుగారి మంత్రి, నక్క. తమ్ముడు సరిగ్గా చూస్తున్నాడో లేదో చూసేవాడు పరమేశం బావమరిది. ఇద్దరూ చూసింది మోసుకెళ్లి పరమేశానికి చెప్పేవాడు మేనల్లుడు. మేనల్లుడికి ఎండ పడదు కాబట్టి అతనికి తాటాకు గొడుగు పట్టడానికి ఇంకో నక్క. వీళ్లందరికీ తిండి రాజుగారి ఇంటి నుంచే వచ్చేది. గొడ్లకి మేత రాజుగారి గడ్డివామి నుంచి వచ్చేది. ఆ వామిలోకి గడ్డి, అడవిలోని ప్రతి మందా తన వాటా అని తెచ్చి పడేస్తే వచ్చేది. అందుచేత మడులకి గిట్టుబాటు అవుతోందా లేదా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

ఒక ఏడు పరమేశానికి ఒక ఆలోచన వచ్చింది. అప్పటిదాకా లంక మీద మోపు గడ్డికి తట్ట ఉప్పు ఇచ్చేవారు. కొండ అడవిలో అడవిపందులు తవ్వి తెచ్చే ఉప్పుమన్నుకీ అదే ధర. పరమేశం గంగులుని పిలిచి, ఇకనుంచి మోపుకి మూడు తట్టలు ఇమ్మన్నాడు.

"మూడా అయ్యగారూ?" అన్నాడు గంగులు.

"మూడే. అడగనివాడికి కూడా ఇవ్వు."

గంగులు ఇచ్చాడు. జింకలు, దుప్పులు అతని చుట్టూ మూగాయి. పక్కన ఎర్రమ్మ అనే అడవిపంది తన ఉప్పుమన్ను గడ్డలు ముందు పెట్టుకుని, సంత ముగిసేదాకా కూర్చుని, వాటినే మళ్లీ మూపున వేసుకుని ఇంటికి వెళ్లింది. మరుసటి వారం అదే జరిగింది. ఆ పై వారం ఆమె గంగులు దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మోపుకి మూడు తట్టలిస్తే మీకు మేత ఎలా సరిపోతోంది?"

"మేత వామి నుంచి వస్తుందమ్మా."

"వామిలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

గంగులు కాసేపు ఆలోచించాడు. "రాజుగారి దగ్గర్నుంచి."

"నాకు రాజు లేడన్నా," అంది ఎర్రమ్మ. "నేను తవ్విందే నేను తినాలి. మా తమ్ముళ్లిద్దరూ గుంటలు వదిలేసి దుంపలకి పోయారు. వానలు పడేలోగా తవ్వకపోతే గుంటలు పూడిపోతాయి. పూడాక అవి ఎక్కడున్నాయో మాకే తెలీదు. అప్పుడు మీ మంత్రి మోపుకి అర తట్ట అన్నా కొండవాళ్లు నోరుమూసుకుని కొనాల్సిందే. ఆయన చూస్తున్నది దానికోసమే."

ఆ రోజు గంగులు తిరిగి వస్తుంటే ఉప్పు దిగిపోయిన బండి కూడా అతనికి బరువుగానే అనిపించింది.

ఎర్రమ్మ వెళ్లి పెద్దయ్య దగ్గర ఫిర్యాదు చేసింది. మడ అడవి ఉప్పు వెనక రాజు నిలబడ్డాడని, కట్టుబాటు తప్పారని. వచ్చే సంతకి మడుల యజమాని వచ్చి జవాబు చెప్పాలని పెద్దయ్య కబురు పంపాడు.

ఆ కబురు విని పరమేశం మడుల దగ్గరికి వచ్చాడు. అతను మడుల దగ్గరికి రావడం అదే మొదలు. గొడుగు పట్టే నక్క పరిగెత్తుకొచ్చాడు.

"గంగులూ, సంతలో నిన్నొక మాట అడుగుతారు. మడులు ఎవరివి అని. నావే అని చెప్పు."

"నావి కాదు కదా అయ్యగారూ."

"కాదు. నావే అని చెప్పు."

"కానివి అవునని ఎలా చెప్పను?"

పరమేశం ఓపికగా నవ్వాడు. "చూడు. రాజుగారి మడులైతే కట్టుబాటు అడ్డం వస్తుంది. ఒక ఎద్దు మడులైతే ఏ కట్టుబాటూ అడ్డం రాదు. ఎద్దు ఏ ధరకైనా అమ్ముకోవచ్చు. అర్థమైందా?"

"అర్థమైంది. కానీ నావి కావు కదా."

"ఒక్క మాట. ఒక్క రోజు."

"పెద్దయ్య మొహం చూస్తే నాకు అబద్ధం రాదు అయ్యగారూ. ఎవరి మొహం చూసినా రాదు. చిన్నప్పుడు ఒకసారి ఆడి చూశాను, రాలేదు."

సీతాలు పక్క మడిలోంచి, "నిజమేనండి. తను మేసింది తినలేదని కూడా చెప్పలేడు," అంది.

పరమేశం గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. దున్నల్లో ఎవరినైనా పట్టుకుందామంటే, అవి అబద్ధమైతే ఆడతాయి గానీ రెండో ప్రశ్నకే తడబడతాయి. పెద్దయ్య రెండో ప్రశ్న అడక్కుండా వదలడు. లంక మీద గంగులు మాటంటే రెండు అడవుల్లోనూ నమ్మకం ఉంది. అతను చెబితే ఇక తిరుగుండదు.

"సరే," అన్నాడు చివరికి. "అయితే మడులు నీవే."

"మీరంటే సరిపోతుందా అయ్యగారూ? మడులు రాజుగారివి. ఆయన అనాలి."

అలా గంగులుని కొలువుకి తీసుకెళ్లారు. పులిరాజు అప్పుడే భోంచేసి ఉన్నాడు. పరమేశం ఆయన చెవిలో విషయం చెప్పాడు. రాజు ఆవులించి, కొలువంతా వినేలా అన్నాడు:

"ఉప్పు మడులు ఇవాళ్టినుంచి గంగులువి. మాకూ వాటికీ సంబంధం లేదు."

"నిజంగానేనా ప్రభూ?" అని అడిగాడు గంగులు.

రాజు మీసాలు కదిలాయి. "పులి మాటని నిజమేనా అని అడుగుతావా?"

"తెలుసుకుందామని ప్రభూ. ఎల్లుండి సంతలో నన్ను అడుగుతారు."

"నిజమే. మేమన్నాం కాబట్టి నిజం."

గంగులు వంగి దణ్ణం పెట్టుకుని వచ్చేశాడు. అతను గుమ్మం దాటాక రాజు పరమేశాన్ని, "సంత అయ్యాక మళ్లీ మావేగా?" అని అడిగాడు. పరమేశం తల ఊపాడు.

ఆ సాయంత్రం గంగులు మడుల గట్టు మీద నడిచాడు. ఇన్నేళ్లూ అతను మడిలోపలే నడిచాడు, గట్టు మీద నక్కలు నడిచేవారు. ఒకచోట పీతలు బొరియ చేసి నీళ్లు బయటికి పోతున్నాయి. మామూలుగా అయితే తమ్ముడికి చెప్పాలి, తమ్ముడు బావమరిదికి, బావమరిది మేనల్లుడికి. గంగులు దిగి, కాళ్లతో మట్టి తోసి, తొక్కి పూడ్చేశాడు. తర్వాత పడమట మబ్బు వైపు చూశాడు. వాన వస్తే కుప్పలు కరిగిపోతాయన్న భయం అతనికి జీవితంలో మొదటిసారి కలిగింది. ఆ పూట మేత సరిగ్గా దిగలేదు.

"ఏమైంది గంగులన్నా?" అని సీతాలు అడిగింది.

"ఏమీ లేదు. కుప్పల మీద తాటాకులు కప్పాలి."

"వాళ్లు నీకు నిజంగా ఇచ్చారనుకుంటున్నావా?"

"రాజుగారు నిజమే అన్నారు సీతాలూ. నువ్వూ విని ఉంటే బాగుండేది."

సంత రోజున లంక నిండిపోయింది. పెద్దయ్య ఒక ఎత్తైన దిబ్బ మీద కూర్చున్నాడు. ఎర్రమ్మ ఒక పక్కన నిలబడింది, గంగులు ఇంకో పక్కన. పరమేశం గంగులుకి కాస్త ముందు నిలబడ్డాడు.

"ఈ ఉప్పు మడులు ఎవరివి?" అన్నాడు పెద్దయ్య.

"గంగులుగారివి పెద్దయ్యా," అన్నాడు పరమేశం.

"నేను గంగులుని అడుగుతున్నాను."

"నావే పెద్దయ్యా," అన్నాడు గంగులు.

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

సంతలో కొందరు నవ్వారు. పరమేశం దగ్గి, "ఎప్పట్నుంచి అన్నది కట్టుబాటులో లేదు పెద్దయ్యా. ఎవరివి అన్నదే ఉంది," అన్నాడు.

"నిజమే," అన్నాడు పెద్దయ్య. "గంగులూ, ఎవరిచ్చారు?"

"రాజుగారు."

"మళ్లీ ఇచ్చెయ్యమంటే?"

గంగులుకి నిజంగానే తెలీదు. పరమేశం వైపు తిరిగాడు. "మంత్రిగారూ, మళ్లీ అడుగుతారా?"

రెండు అడవులూ పరమేశం మొహంలోకి చూశాయి. అతనికి చెప్పడానికి ఒక్క జవాబే ఉంది.

"అడగరు," అన్నాడు.

"ఎప్పటికీ?" అన్నాడు పెద్దయ్య.

"ఎప్పటికీ."

"ధర ఎవరు చెబుతారు?"

"గంగులుగారే."

"మేత?"

"గంగులుగారిదే."

"ఎవర్ని పనిలో పెట్టుకోవాలి, ఎవర్ని పంపించాలి?"

"అంతా గంగులుగారి ఇష్టం పెద్దయ్యా. మా రాజుగారు ఉప్పు వైపు కన్నెత్తి కూడా చూడరు." పరమేశానికి ఊపు వచ్చింది. "అడగండి, ఇంకా ఏమైనా ఉంటే."

"ఏమీ లేదు," అన్నాడు పెద్దయ్య. "నువ్వు చెప్పింది లంకంతా విన్నది. మడులు గంగులువి. అతని వెనక రాజు లేడు. ఫిర్యాదు కొట్టేస్తున్నాను."

ఎర్రమ్మ ఒక అడుగు ముందుకేసింది. "పెద్దయ్యా, మొన్న ఇచ్చారు. రేపు తీసుకుంటారు. అప్పుడు నా సంగతేంటి?"

"తీసుకున్న రోజున రా. ఉప్పొక్కటే కాదు, ఆ రోజునుంచి ఏడాదిపాటు మడ అడవి నుంచి పీత కాలు కూడా ఈ లంక మీద పడదు."

పరమేశం ఈ మాటలు విన్నాడు గానీ, గెలిచిన సంతోషంలో వాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఎర్రమ్మ తన గడ్డలు ఎత్తుకుంటూ గంగులు ముందు ఆగింది.

"నువ్వు అబద్ధం ఆడవని అందరూ అంటారన్నా."

"ఆడలేదమ్మా."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసి వెళ్లిపోయింది. ఆ చూపు గంగులుని బాధపెట్టింది. ఇంటికి వచ్చే దారిలో పరమేశం అతని వీపు తట్టి, "బాగా చెప్పావురా," అన్నాడు. సంతలో అతని పేరు చివర ఉన్న 'గారు' అక్కడే లంక మీద ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే రాజుగారి వామి నుంచి ఎప్పటిలాగే గడ్డిబండి వచ్చింది. గంగులు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ గడ్డి వెనక్కి తీసుకెళ్లండి," అన్నాడు.

బండివాడు వెళ్లి చెబితే పరమేశం వచ్చాడు.

"ఏంట్రా ఇది?"

"మేత నాదేనని నిన్న మీరు చెప్పారు అయ్యగారూ. ఇది రాజుగారిది. ఇది తింటే నిన్న చెప్పింది అబద్ధమవుతుంది."

"అది లంక మీద చెప్పే మాటరా. ఇది ఇల్లు."

"మాట ఒకటే కదా."

"ఒరే, మీ మడుల్లో ఆరుగురున్నారు. ఏం తింటారు?"

"ఉప్పుకి గడ్డి వస్తుంది కదా అయ్యగారూ. మూడు తట్టలిస్తే చాలదు. రాత్రి సీతాలూ నేనూ ఆలోచించాం. మోపుకి తట్ట చొప్పున అయితే సరిపోతుంది. తట్ట మీద గుట్టగా పోస్తే కష్టం. చదును చేసి పొయ్యాలి."

"మూడు తట్టలు," అన్నాడు పరమేశం, ఒక్కో అక్షరం విడదీసి. "ఇది ఆజ్ఞ."

"ధర నా ఇష్టమని మీరే..."

"నీ ఇష్టం నా ఇష్టమే."

గంగులు మొహంలో కోపం లేదు. ఏదో బరువు దించుకుంటున్నవాడిలా ఊపిరి వదిలాడు.

"అలాగైతే నేను నిన్న తప్పు చెప్పినట్టే అయ్యగారూ. పెద్దయ్య దగ్గరికి వెళ్లి చెప్పేసి వస్తాను. మడులు నావి కావు, రాజుగారివేనని. పోటు ఇంకా రాలేదు, పాయ దాటొచ్చు." అని ఏటి వైపు నడవడం మొదలుపెట్టాడు.

పరమేశం మొదట నవ్వాడు. గంగులు తుమ్మచెట్లు దాటేసరికి నవ్వు ఆపాడు. ఒడ్డు చేరేసరికి పరిగెత్తి అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడికి? నిజంగానే వెళ్తున్నావా?"

"అవునండి. మీరూ వస్తారా?"

పరమేశానికి అప్పుడు పెద్దయ్య చివర అన్న మాట గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్న ఎద్దు మొహంలో బేరం ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతికాడు. ఎక్కడా లేదు. బేరం ఉంటే ఏదో ఒకటి ఇచ్చి సర్దుకునేవాడు.

"తట్టకి మోపే పెట్టుకో," అన్నాడు. "వెనక్కి నడువు."

"మరి గడ్డిబండి?"

"పంపించెయ్."

"మీ తమ్ముడుగారూ వాళ్లూ? వాళ్లకి తిండి పెట్టడానికి నా దగ్గర లేదండి. మడి తొక్కుతామంటే ఉండొచ్చు."

పరమేశం తమ్ముడు ఒక రోజు మడిలో దిగి చూశాడు. మర్నాడు రాలేదు. మిగతావాళ్లు దిగకుండానే వెళ్లారు. గొడుగు పట్టే నక్క మాత్రం ఉండిపోయాడు. అతను కుప్పల మీద తాటాకులు కప్పడం బాగా చేసేవాడు.

మోపుకి మూడు తట్టలిచ్చిన ఉప్పు ఏమైందని లంక మీద జింకలు గొణిగాయి. కొన్నాళ్లు గొణిగి, తెల్లగా ఉంటుందని కొందరు గంగులు దగ్గర, నాలుక్కి మన్ను రుచి తగలాలని కొందరు ఎర్రమ్మ దగ్గర కొనడం మొదలుపెట్టారు. ఎర్రమ్మ తమ్ముళ్లు వానలకి ముందే గుంటలకి తిరిగొచ్చారు. ఒక గుంట అప్పటికే పూడిపోయింది, మళ్లీ దొరకలేదు. మిగతావి నిలిచాయి. గంగులుకి కూడా ఆ వానాకాలం కష్టంగానే గడిచింది. రెండు కుప్పలు కరిగిపోయాయి. ఒక దున్న, ఇక్కడ కడుపు నిండుతుందో లేదో పొద్దున్నే చెప్పలేమని, రాజుగారి బండ్లు లాగడానికి వెళ్లిపోయాడు. గంగులు అతన్ని తప్పుపట్టలేదు.

వానలు తగ్గాక ఒక సంతలో ఎర్రమ్మ తన గడ్డలు గంగులు కుప్ప పక్కనే తెచ్చి పెట్టుకుంది.

"అన్నా, ఆ రోజు నేను నిన్ను అదోలా చూశాను."

"చూశావమ్మా."

"ఇక్కడ కూర్చోవచ్చా?"

"కూర్చో. నీ కొనుగోలుదారులు నా వైపు వస్తే మాత్రం ఏమీ అనుకోకు."

"నీవాళ్లు నా వైపు వస్తే నువ్వూ అనుకోకు," అంది ఎర్రమ్మ.

ఇదంతా రాజుగారికి తెలియడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే చెప్పవలసినవాడు పరమేశం. వంటశాలలో ఉప్పు అయిపోయి, ఎప్పటిలాగే మడులకి బంటుని పంపితే, మోపు గడ్డి తెమ్మని జవాబు వచ్చింది. రాజు పరమేశాన్ని పిలిపించాడు. ఆ తర్వాత జరిగింది గుమ్మం దగ్గర గడ్డి దించుతున్న మేకలు విని వచ్చి గంగులుకి చెప్పాయి.

"మా మడుల ఉప్పుకి మేము గడ్డి ఇవ్వాలా?" అన్నాడు రాజు.

"మడులు గంగులువి ప్రభూ."

"వెనక్కి తీసుకో."

"తీసుకుంటే లంక మీద మన సరుకు దిగనివ్వరు ప్రభూ. వేసవికి కొండ గడ్డి రాదు."

"ఎద్దుని భయపెట్టు."

"భయపెడితే వెళ్లి నిజం చెప్పేస్తాడు."

"బతిమాలు."

"బతిమాలినా నిజమే చెబుతాడు ప్రభూ."

"ఇంత అడవిలో నీకు వాడే దొరికాడా?"

"ఎవరైనా నమ్మాలంటే అలాంటివాడే కావాలి ప్రభూ," అన్నాడు పరమేశం.

"మోపు నువ్వే మోసుకెళ్లు," అన్నాడు రాజు.

పరమేశం మోపు నెత్తిన పెట్టుకుని మడుల దగ్గరికి వెళ్లాడు. అక్కడ అప్పటికే ఒక ముసలి మేక, రెండు గాడిదలు వరసలో ఉన్నాయి. అతను వాటి వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు గంగులు, "రండి అయ్యగారూ, ఎండలో వచ్చారు," అని తట్టలో ఉప్పు పోసి, అందరికీ చేసినట్టే డెక్కతో పైన చదును చేసి ఇచ్చాడు.

పదిమంది ముందు ఇచ్చినట్టు నటించినవాడు నిజంగా ఇచ్చినవాడే అవుతాడు.